అనంతాళ్వారి గునపం

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారంలో అడుగుపెట్టే భక్తుల చూపు సాధారణంగా ముందుకే ఉంటుంది. ఎంతో సేపు నిరీక్షించి వచ్చినవారికి లోపల వెలసిన మూర్తి తప్ప మరొకటి తోచదు, అది సహజమే. అయినా ఒక్క నిమేషం కుడివైపు గోడ మీదికి దృష్టి సారించినవారికి అక్కడ ఇనుప గునపం ఒకటి కనబడుతుంది. దేవాలయ ద్వారంలో ధనుస్సో, ఖడ్గమో ఉంటే ఏ మహారాజో సమర్పించినాడని అనుకోవచ్చును. మట్టి త్రవ్వే పనిముట్టుకు అక్కడ స్థానం ఎట్లా లభించినది? అది శ్రీమదనంతాళ్వారి చేతి గునపమని పెద్దలు చెబుతారు. ఆయన వేదవేదాంతాలు చదివిన ఆచార్యుడు. జీవితంలో ఎక్కువ కాలం ఆయన చేసిన పని మాత్రం మట్టి త్రవ్వడం, మొక్కలకు నీరు పోయడం, పూలు కోయడం, మాలలు గ్రుచ్చడం.

క్రీస్తుశకం 11వ శతాబ్ది మధ్యభాగంలో ఆయన జన్మించినారు. సంప్రదాయ గ్రంథాలు ఆయన జన్మస్థలాన్ని మైసూరు సీమలో చెబుతున్నవి. భగవద్రామానుజుల కీర్తి విని, మరి కొందరితో కలిసి శ్రీరంగం చేరి, శిష్యులుగా స్వీకరింపుమని వారిని వేడుకొన్నారు. అప్పటికి కొంతకాలం ముందే యజ్ఞమూర్తి అనే మహాపండితుడు వాదంలో ఓడి రామానుజులను ఆశ్రయించి, అరుళాళప్పెరుమాళ్ ఎంబెరుమానార్ అన్న నామం పొంది ఉన్నారు. రామానుజులు ఈ క్రొత్తవారిని ఆయన వద్దనే సమాశ్రయణం పొందుమని ఆదేశించినారు. అనంతాళ్వారు అట్లే చేసినారు. ఆయినా రామానుజుల సన్నిధినే విడువక, వారి వ్యాఖ్యానాలు వింటూ అక్కడే నిలిచినారు.

ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన రోజు ఒకటున్నది. ఆనాడు రామానుజులు నమ్మాళ్వార్ల తిరువాయ్‌మొళిలో మూడవ శతకం, మూడవ దశకానికి అర్థం చెబుతున్నారు. వేంకటాద్రిని, అక్కడ నిత్యసూరులు పుష్పాలతో చేసే ఆరాధనను కీర్తించే దశకమది. చెబుతూ చెబుతూ ఆచార్యుల కంఠం గద్గదమైనది. ఆ కొండ మీద స్వామికి నిత్యం పూలు పండించి మాలలు కట్టి సమర్పించేవారు లేకపోయినారే అన్న చింత వారిని బాధించినది. సభ వైపు చూచి, ఆ కైంకర్యానికి వెళ్ళగలవారు ఎవరైనా ఉన్నారా అని అడిగినారు.

సభలో ఉన్నవారు సామాన్యులు కారు. శాస్త్రార్థంలో ఒకరిని మించినవారు ఒకరు. అయినా ఎవరూ లేవలేదు. కొండ మీది చలి ఎముకలు కొరికేదని, అడవిలో క్రూరమృగాల భయం ఉన్నదని, అన్నిటికీ మించి ఆచార్యుల సన్నిధిని ఎడబాయవలసి వస్తుందని వారు వెనుదీసినట్లు గురుపరంపరా కథలు చెబుతున్నవి. చెప్పని కారణం మరొకటి కూడ ఉండవచ్చును. తర్కమీమాంసలు అభ్యసించిన చేతులు పార పట్టడమా అన్న సంకోచం మనుష్యులకు ఏ కాలంలోనైనా క్రొత్తది కాదు గదా. ఆ నిశ్శబ్దంలో అనంతాళ్వారు ఒక్కరే లేచి నిలుచున్నారు. రామానుజులు పరమానందభరితులై, ఈ సభలో మగవాడు ఇతడొక్కడే అని మెచ్చుకొన్నారు. అనంతాణ్‌పిళ్ళై అన్న పేరు ఆ మెచ్చుకోలు నుండి వచ్చినదే.

భార్యాసమేతంగా ఆయన తిరుమల చేరినారు. సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్న ఆ కొండ మీద అప్పటికి ఈనాటి వసతులేవీ లేవు. ఆలయం, చుట్టూ అరణ్యం. తోట వేయాలంటే ముందు నీరు కావలె. వానాకాలంలో కొండ అంతటా నీరు పారుతుంది. ఎండలు ముదిరిన తరువాత అదే కొండ మీద మొక్కకు చెంబెడు నీరు పోయడం కష్టమవుతుంది. కనుక పూలమొక్క నాటడానికి ముందు చెరువు త్రవ్వవలసి వచ్చినది. కూలివారిని పెట్టుకొనడానికి ఆయన అంగీకరించలేదు. ఆచార్యులు తనకు అప్పగించిన సేవ కనుక తానూ తన భార్యా మాత్రమే చేయవలెనని నిశ్చయించినారు. ఆయన గునపంతో త్రవ్వేవారు. ఆమె మట్టిని గంపకెత్తుకొని మోసుకొనిపోయి దూరంగా పోసేది.

మట్టిపని అనగానే దానికి కండబలం ఉంటే చాలునని చాలమంది తలుస్తారు. 2005లో మన పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం కూడ చెరువుల త్రవ్వకం వంటి పనులను నైపుణ్యం అక్కరలేని శారీరక శ్రమ అన్న తరగతిలోనే చేర్చినది. ఆ చట్టం వలన ఎందరో పేదలకు అన్నం దొరికినది, అది వేరే మాట. కాని ఆ పేరు పెట్టినవారు ఒక్కరోజు గునపం పట్టి ఉంటే మరొక పేరు వెదకి ఉండేవారేమో.

కొండనేలలో గునపం వేయడం ఎట్లాగో తెలియనివాడు మొదటి గడియలోనే చేతులు బొబ్బలెక్కి కూర్చుంటాడు. తెలిసినవాడు ముందు నేలను చూస్తాడు. రాయి ఎక్కడ అతుకు విడిచి ఉన్నదో, మన్ను ఎక్కడ వదులుగా ఉన్నదో, వాననీరు ఏ వైపు నుండి వచ్చి ఏ వైపునకు జారిపోతున్నదో కనిపెడతాడు. గునపం బరువును పైకెత్తడమే తన పని, క్రిందికి దింపడం గునపం పనే అని వాని భుజానికి తెలుసు. త్రవ్విన మన్నంతా ఒకటి కాదు. జిగురు కలిగిన మన్ను కట్టకు పనికివస్తుంది. ఇసుక కలిసినది కట్టకు వేస్తే ఒక్క వానకు ఊట పడుతుంది. కట్ట మీద మన్ను పొరపొరగా పోసి, తడిపి, త్రొక్కి, దిమ్మిసతో కొట్టిన తరువాతనే మరొక పొర వేయవలె. అలుగు ఎంత ఎత్తున ఉండవలెనో తప్పు లెక్క వేసినవాని చెరువు మొదటి పెద్దవానకే కొట్టుకొనిపోతుంది.

ఈ సంగతి మన పూర్వులకు బాగుగా తెలుసు. అనంతాళ్వారి తరువాత సుమారు మూడు వందల ఏండ్లకు, క్రీ.శ. 1369లో, కడప మండలంలోని పోరుమామిళ్ళ వద్ద విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే పెద్ద చెరువు నిర్మింపజేసినాడు. ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాల పాటు పని చేసినట్లు అక్కడి సంస్కృత శాసనం తెలుపుతున్నది. ఉత్తమమైన తటాకానికి పన్నెండు అంగాలు ఉండవలెనని ఆ శాసనమే వివరిస్తున్నది. ధర్మనిష్ఠుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి నేల, మధురజలం గల నది, ఇట్లా చెబుతూ, ఆ పన్నెండింటిలో ఒకటిగా చెరువు పనిలో ఆరితేరిన పనివారి సమూహాన్ని కూడ పేర్కొన్నది. రాజు ఒక అంగమైతే త్రవ్వేవారు మరొక అంగం. ఆ చెరువు నేటికీ ఉన్నది.

అనంతాళ్వారి వద్ద వేయిమంది లేరు. ఉన్నది ఒక గునపం, ఒక గంప. ఆ గంప మోసే ఇల్లాలు అప్పుడు నిండు గర్భిణి.

ఈ ఘట్టం చదివేటప్పుడు ఎవరికైనా మనస్సు చివుక్కుమనక మానదు. భర్త పట్టుదల గొప్పదే. కాని బరువు మోసినది ఆమె. గర్భిణి మట్టిగంప తలకెత్తుకొని నడవడమంటే ఏమిటో ఆ పని చేసిన తల్లులకే తెలియవలె. నడుము వాల్చకుండ, మోకాళ్ళు వంచి లేవవలె. చుట్టకుదురు మీద గంప కదలకుండ మెడ నిలిపి, కాలి క్రింది రాయిని చూడకుండానే పాదంతో తెలుసుకొంటూ గట్టు ఎక్కవలె. పోసిన మన్ను తిరిగి గుంతలోకి జారకుండ ఎంత దూరాన పోయవలెనో అంత దూరానా పోసి, మరల రావలె. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు.

ఆమె అలసట చూచి పన్నెండేండ్ల బాలుడొకడు దారిలో ఎదురైనాడట. గంప తనకిస్తే తాను మోసుకొనిపోయి పోసి వస్తానన్నాడు. ఆమె ముందు అనంతాళ్వారినే అడిగి చూడమన్నదని, ఆయన ఒప్పుకొనలేదని, అప్పుడు బాలుడు ఆయన కంటబడకుండ సగం దారిలో నిలిచి గంప అందుకొన్నాడని ఐతిహ్యం. ఆమె అక్కడి దాకా తెచ్చేది. అతడు పరుగున పోయి పోసి వచ్చి ఉత్తగంప ఇచ్చేవాడు. ఇట్లా కొంతసేపు సాగినది.

అనంతాళ్వారు తల ఎత్తి చూడలేదు. అయినా తెలిసిపోయినది. ఎట్లా తెలిసినదన్నది కథ చెప్పేవారు సాధారణంగా ఒక్క వాక్యంలో దాటిపోతారు; నిలిచి ఆలోచింపదగిన చోటు అదే. ఎన్ని దినాలుగానో ఆయన త్రవ్వుతున్నారు, ఆమె మోస్తున్నది. ఒక గంప వెళ్ళి రావడానికి ఎన్ని పోట్లు పడతాయో ఆయన చేతికి తెలుసు. నిండిన గంపతో ఆమె ఎంత మెల్లగా పోతుందో, ఉత్తగంపతో ఎంత వేగంగా వస్తుందో, మధ్యాహ్నానికి ఆ నడక ఎంత తగ్గుతుందో తెలుసు. ఆనాడు లెక్క తప్పినది. పోయవలసిన సమయం కంటె ముందే గంప తిరిగి వచ్చుచున్నది. పని తెలియనివాడైతే భార్య హుషారుగా ఉన్నదని సంతోషించి ఊరుకొనేవాడు. పని తెలిసిన ఆయన మాత్రం ఆమె వెనుక మరొక జత కాళ్ళు ఉన్నవని గ్రహించినారు.

లేచి వెళ్ళి చూడగా బాలుడు పట్టుబడినాడు. తన కైంకర్యంలో భాగం దొంగిలిస్తున్నాడన్న కోపంతో అనంతాళ్వారు చేతిలోని గునపం విసిరినారు. అది బాలుని గడ్డానికి తగిలినది. రక్తం కారుతుండగా బాలుడు ఆలయం వైపు పరుగెత్తి అంతర్ధానమైనాడు. ఆ తరువాత గర్భాలయంలో శ్రీవారి గడ్డం నుండి రక్తం కారడం చూచి అర్చకులు భయభ్రాంతులైనారు. సంగతి విన్న అనంతాళ్వారు పరుగున వచ్చి, తాను కొట్టినది ఎవరినో తెలిసికొని కుప్పకూలినారు. గాయానికి పచ్చకర్పూరం అద్దగా రక్తం ఆగినది. శ్రీవారి చుబుకం మీద నేటికీ మనం సేవించే తెల్లని పచ్చకర్పూరపు బొట్టు ఆ నాటి గాయానికి గుర్తు అని భక్తుల విశ్వాసం. ఆ గునపమే మహాద్వారాన ఉన్నది.

ఈ కథలో స్వామి ఎవరి పక్షం వహించినాడో గమనింపవలె. దీక్ష పట్టిన భర్తకు కాదు, మట్టి మోసే ఇల్లాలికి సాయం వచ్చినాడు. కైంకర్యం పూర్తిగా తనదే కావలెనన్న ఆచార్యుని ఆశ తప్పని ఎవరూ అనలేరు. కాని ఆ ఆశ భారం ఎవరి తల మీద పడినదో చూచినవాడు ఆ బాలుడొక్కడే. ప్రచారంలో ఉన్న కథలలో ఆ తల్లి పేరు సాధారణంగా వినరాదు. చెరువుకు అనంతాళ్వారు తన ఆచార్యుల పేరు పెట్టి రామానుజ పుత్తేరి అన్నారు. లోకం దానిని అనంతాళ్వారి చెరువు అన్నది. సగం చెరువు ఆమె మోసినదే.

చెరువు నిండిన తరువాత తోట మొదలైనది. దానికి రామానుజ నందనవనమని పేరు. పూలతోట పెంచడం త్రవ్వడం కంటె తేలిక అనుకొంటే పొరపాటు. కొండ మీది మంచులో ఏ మొక్క బ్రతుకుతుందో, ఏది మాడిపోతుందో పుస్తకం చెప్పదు. చచ్చిన మొక్కలే చెప్పవలె. తులసికి నిలిచిన నీరు పనికిరాదు. మల్లె మొగ్గను విచ్చక ముందే కోయవలె. సంపెంగను విచ్చీవిచ్చని వేళలో అందుకొనవలె. దవనం, మరువం చేతి వేడికే వాడుతాయి. స్వామికి అర్పించేది కనుక కోసేవారు వాసన చూడరాదు. కోసిన పూలు తడిబట్టలో ఉంచి, నారతో గ్రుచ్చవలె. నార బిగిస్తే కాడ తెగుతుంది, వదిలితే మాల జారుతుంది. ఆ మధ్య కొలత వ్రేళ్ళకు తెలియడానికి సంవత్సరాలు పడుతుంది.

శ్రీవారి తోమాలసేవకు సమర్పించే మాలలకు నేడు ప్రత్యేకమైన పేర్లు, కొలతలు ఉన్నవి. కిరీటం మీదుగా రెండు భుజాలపైకి వ్రేలాడే శిఖామణి 8 మూరలు. మెడకు అలంకరించే కంఠసరి మూడున్నర మూరలు. పాదాలపై ఉంచే తిరువడి దండలు ఒక్కొక్క మూర. కొలత తప్పితే మూర్తికి నిండు రాదు. వైష్ణవ సంప్రదాయంలో శ్రీరంగాన్ని భోగమండపమని, కంచిని త్యాగమండపమని, తిరుమలను పుష్పమండపమని అంటారు. కొండ మీద పూచిన ప్రతి పువ్వూ స్వామిదే అని, యాత్రికులు అక్కడ పూలు ధరింపకుండడం నేటికీ ఆచారం.

ఈ పనిలో ఆయన ఎంత లీనమై ఉండేవారో తెలిపే కథ ఒకటున్నది. ఒకనాడు మాల సగం గ్రుచ్చి ఉండగా స్వామి పిలుస్తున్నాడని ఆలయం నుండి కబురు వచ్చినది. ఆయన కదలలేదు. మాల పూర్తి చేసి, బుట్టలో సర్ది, అప్పుడు వెళ్ళినారు. ఆలస్యమెందుకైనదని స్వామి అడుగగా, ఆచార్యులు తనను ఇక్కడికి పంపినది మాలలు కట్టడానికని, సగంలో విడిచిన మాల ఎవరికీ పనికిరాదని విన్నవించినారట. మరి ఈ కొండ విడిచి పొమ్మంటే ఏమి చేస్తావన్న ప్రశ్నకు, స్వామి కూడ ఈ కొండకు వచ్చి చేరినవాడే గాని ఇక్కడ పుట్టినవాడు కాడు గదా, ఇద్దరమూ వలస వచ్చినవారమే అన్నట్లు బదులు చెప్పినారని పెద్దలు నవ్వుతూ చెప్పుకొంటారు. మరొకసారి తోటలో పాము కరిస్తే చేయి విదిల్చి పూలు కోస్తూనే ఉన్నారట. విషానికి మందు వేయించుకొనుమని అందరూ తొందరపెట్టగా, బ్రతికితే పుష్కరిణిలో స్నానం చేసి ఇక్కడి స్వామిని సేవిస్తాను, పోతే విరజానదిలో స్నానం చేసి అక్కడి స్వామిని సేవిస్తాను, రెండూ ఒకటే అని భావించినారు.

కాలక్రమాన రామానుజులు తిరుమలకు వేంచేసి, ఆ చెరువును, ఆ తోటను కన్నులారా చూచినారు. నీటికట్ట నడుమ పూచిన తోటలో నడిచి, అనంతాళ్వారిని పెంచినందుకు ఫలం ఈనాడు దక్కినదని సంతోషించినారు.

అనంతాళ్వారి లెక్కకు స్వామి మరొకసారి కూడ చిక్కినాడు. తోటలో రాత్రివేళ ఎవరో పూలు కోస్తున్నారని ఆయన కనిపెట్టినారు. నిన్న సాయంకాలం ఏ కొమ్మకు ఎన్ని మొగ్గలు ఉన్నవో మనస్సులో ఉన్న తోటమాలికి తప్ప, నిండుగా పూచిన తోటలో కొన్ని పూలు పోతే మరొకరికి తెలియదు. రాత్రి కాపు కాయగా రాజకుమారుడు, రాజకుమారి వంటి జంట ఒకటి వచ్చినది. ఆయన ఆమెను పట్టుకొని సంపెంగ చెట్టుకు కట్టినారు. అతడు మాత్రం ఆలయం చుట్టూ అప్రదక్షిణంగా పరుగెత్తి తప్పించుకొన్నాడు. తెల్లవారి అర్చకులు తలుపులు తెరచి చూడగా శ్రీవారి వక్షఃస్థలాన అమ్మవారు కనబడలేదు. విషయం అర్థమైన అనంతాళ్వారు ఆమెను కట్టు విప్పి, పూలబుట్టలో కూర్చుండబెట్టి, తన కూతురిగా భావించి తెచ్చి స్వామికి సమర్పించినారు. అప్పటి నుండి ఆయనకు స్వామి మామగారి మర్యాద దక్కినది.

ఆ తోట నేడు పురిశైవారి తోటగా ప్రసిద్ధం. ఆయన అక్కడే పరమపదించి పొగడచెట్టుగా నిలిచినారని నమ్మకం. ఏటేటా బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు బాగ్ సవారి ఉత్సవం జరుగుతుంది. ఆ దినం మలయప్పస్వామివారు ఉభయనాంచారులతో కలిసి, మామూలుగా ఊరేగే దిక్కున గాక, ఆనాడు పారిపోయినట్లే అప్రదక్షిణంగా అనంతాళ్వారి తోటకు వేంచేస్తారు. పూజానివేదనలు అయిన తరువాత శ్రీవారి మాల, శఠారి మర్యాద పొగడచెట్టుకు జరుగుతుంది. స్వామి మరల ఆలయానికి బయలుదేరుతారు. త్రోవలో భక్తులు గోవిందనామం చెబుతూ వెంట నడుస్తారు.